చెయ్యి నరం అతుకుతుంది, నడుము నరం ఎందుకు అతకదు?

హనుమకొండలో నేను ఫిజియోథెరపీ చేసే గదిలో రెండు మంచాలు పక్కపక్కనే ఉంటాయి. కొన్నేళ్ల కిందట ఒకే నెలలో ఆ రెండింటి మీదికి ఇద్దరు వచ్చారు. ఒకరు పరకాల వైపు నుంచి వచ్చిన ఇంటర్ అమ్మాయి. కిటికీ అద్దం పగిలి, కుడి చెయ్యి మణికట్టుకు నాలుగు వేళ్ల పైన లోతుగా తెగింది. సర్జన్ నరం కుట్టి, కట్టు విప్పాక నా దగ్గరికి పంపాడు. రెండో ఆయన జనగామ దగ్గరి పల్లెకు చెందిన గీత కార్మికుడు. తాటిచెట్టు మీద మోకు జారి కింద పడ్డాడు. ఛాతీ మధ్య ఎత్తులో వెన్నెముక విరిగి లోపలి వెన్నుపాము నలిగిపోయింది. ఎముకకు రాడ్లు వేశారు. బొడ్డు కింది నుంచి స్పర్శ లేదు, కదలిక లేదు.

ఎనిమిది నెలలు గడిచేసరికి అమ్మాయి బొటనవేలిని చిటికెన వేలి దాకా తేగలిగింది. గీత కార్మికుడి కాళ్లలో మాత్రం మార్పు లేదు. ఆయన తమ్ముడు రోజూ అన్నను ఎత్తి మంచం మీద పడుకోబెట్టి, పక్క మంచం వైపు చూసేవాడు. ఒకరోజు అడిగేశాడు: "ఆ పిల్ల చెయ్యి నరం అతికింది కదా మేడమ్, మరి మా అన్న నడుము నరం ఎందుకు అతుకుతలేదు?"

"వెన్నుపాము వేరు తమ్మీ" అన్నాను. ఎందుకు వేరో చెప్పలేదు. అది చెప్పాలంటే ఐదు నిమిషాలు చాలవు. కానీ అతని ప్రశ్న చిన్నదేమీ కాదు. నరాల మీద పనిచేసిన గొప్ప శాస్త్రవేత్తలు కొందరు దాదాపు జీవితమంతా పట్టుకుని కూర్చున్న ప్రశ్న అదే.

ముందు ఆ మాటతోనే ఒక చిక్కుంది. మనం దేన్నైనా నరం అనేస్తాం. ముంజేతి మీద నీలంగా ఉబ్బి కనిపించేదాన్ని నరం అంటాం. అది రక్తాన్ని గుండెకు తీసుకెళ్లే సిర. పిక్క బిగుసుకుంటే నరం పట్టిందంటాం, అది కండరం. పిడికిలి బిగిస్తే మణికట్టు దగ్గర తాడులా లేచేదాన్నీ నరమే అంటాం. అది కండరాన్ని ఎముకకు కలిపే టెండన్. అద్దం కోసుకుంటే ఇవన్నీ తెగొచ్చు, కానీ దేనికది మానే తీరు వేరు. అందుకే ఇంట్లోవాళ్లు "నరం కుట్టారు" అని చెప్పినా, డిశ్చార్జి కాగితం తీసి ఏది కుట్టారో చూసుకుంటాను. ఇక్కడ నేను నరం అంటున్నది మెదడుకూ ఒంటికీ మధ్య కబురు మోసే తీగల కట్టను.

ఆ కట్టలో ఒక్కో తీగ ఒక కణానికి చెయ్యి లాంటిది. బొటనవేలిని కదిలించే కణం వేలి దగ్గర ఉండదు. అది మెడ ఎత్తులో, వెన్నుపాములో కూర్చుని ఉంటుంది. అక్కడి నుంచి భుజం, మోచెయ్యి, మణికట్టు దాటి ఒక్క సన్నని తీగను చాస్తుంది. ఆ తీగనే ఆక్సాన్ అంటారు. వెంట్రుక కన్నా ఎన్నో రెట్లు సన్నం, పొడవు మాత్రం ముప్పావు మీటరు. చర్మం తెగితే కొత్త కణాలు పుట్టి పూడుస్తాయి. నరంలో అలా జరగదు. కొత్త కణం పుట్టదు. అద్దం కోసింది తీగను. కణం మెడలో క్షేమంగానే ఉంది. ఆ పాత కణమే తెగిన చేతిని మళ్లీ చాపుకోవాలి.

తెగిన దగ్గర నుంచి వేలి వైపున్న ముక్క సంగతేంటి? 1850లో ఆగస్టస్ వాలర్ అనే ఇంగ్లిష్ వైద్యుడు కప్ప నాలుకకు వెళ్లే నరాలు కోసి మైక్రోస్కోపు కింద రోజురోజూ చూశాడు. కణం నుంచి విడిపోయిన ముక్క కొద్ది రోజుల్లో తునకలైపోయింది. కణం నుంచి పోషణ ఆగిపోయింది కాబట్టి ఎండిపోయిందని తర్వాత వందేళ్లకు పైగా అందరూ అనుకున్నారు. 1989లో ఆక్స్‌ఫర్డ్‌లో ఒక జాతి ఎలుకల్ని చూస్తుంటే ఆ నమ్మకం కదిలింది. వాటి నరం కోసినా, విడిపోయిన ముక్క రెండు మూడు వారాల దాకా చెక్కుచెదరలేదు. పోషణ లేక చచ్చేదైతే ఈ ఎలుకల్లోనూ చావాలి కదా. తెగిన ముక్క ఎందుకు కూలుతుందన్నదానికి జవాబులో పెద్ద భాగం 2012లో దొరికింది. సార్మ్-1 అనే ప్రొటీన్ తీగ లోపలే ఉంటుంది. తీగ తెగగానే అది మేల్కొని లోపలి శక్తి నిల్వల్ని ఖర్చుపెట్టేసి, ఆ ముక్కను కూల్చేస్తుంది. అంటే ఆ ముక్క తనను తాను పడగొట్టుకుంటోంది. షుగర్ జబ్బులోనూ, కొన్ని క్యాన్సర్ మందుల వల్లా కాళ్ల నరాలు దెబ్బతినడంలో ఈ ప్రొటీన్‌కు పాత్ర ఉందని ఎలుకల మీద చేసిన పనిలో కనిపించింది. అందుకే ఇప్పుడు దాన్ని ఆపే మందుల కోసం అంత వెతుకులాట.

పాత తీగ కూలాక ఆ దారిలో మిగిలేవి ష్వాన్ కణాలు. మామూలు రోజుల్లో ఇవి తీగ చుట్టూ కొవ్వు తొడుగు చుట్టుకుని ఉంటాయి, కరెంటు వైరు మీది ప్లాస్టిక్‌లా. తీగ పోగానే ఆ పని వదిలేస్తాయి. పాత చెత్తను తామూ తింటాయి, తినే రక్తకణాల్నీ పిలుస్తాయి. రెండు మూడు వారాల్లో దారి చాలావరకు శుభ్రమవుతుంది. ఆ తర్వాత అవే వరుసగా నిలబడి సన్నని గొట్టాల్లాంటి బాటలు కడతాయి, తీగను రమ్మని పిలిచే ప్రొటీన్లు వదులుతాయి. అలాంటి ప్రొటీన్లలో మొదటిదాన్ని కనిపెట్టినందుకే రీటా లెవి-మొంటాల్చినీ, స్టాన్లీ కోహెన్‌లకు 1986లో నోబెల్ వచ్చింది. ఆమె యూదురాలు కావడంతో ఫాసిస్టు పాలనలోని ఇటలీలో విశ్వవిద్యాలయం తలుపులు మూసుకుంటే, టురిన్‌లో తన పడకగదినే ల్యాబ్ చేసుకుని కోడిపిండాల నరాలు చూస్తూ కూర్చున్నారు.

ష్వాన్ కణం విలువ మన ప్రాంతానికి ఇంకో రకంగా తెలుసు, ఆ పేరు తెలియకపోయినా. నిజామాబాద్ దగ్గర డిచ్‌పల్లిలో 1915లో కుష్ఠు ఆసుపత్రి మొదలైంది. ఇసబెల్ కెర్ అనే స్కాట్లండ్ డాక్టరమ్మ నడిపారు, నర్సాగౌడ్ అనే స్థానిక దాత ఆదుకున్నారు. కుష్ఠు చర్మం జబ్బని జనం అనుకుంటారు. దాని బ్యాక్టీరియా ముఖ్యంగా దాక్కునే చోట్లలో ష్వాన్ కణాలు ఒకటి. మోచెయ్యి వెనక నరం తాడులా లావెక్కడం, ఉంగరం వేలు, చిటికెన వేలు వంకర్లు పోవడం, పొయ్యి మీది గిన్నె పట్టుకున్నా కాలినట్టు తెలియకపోవడం, ఇవన్నీ తీగకు తోడుండాల్సిన కణం శత్రువు చేతికి చిక్కడం వల్ల వచ్చేవే. తోడు కణం పోతే నరం ఏమవుతుందో డిచ్‌పల్లికి వచ్చిన వేలమంది చేతుల్లో కనిపించింది.

తోడు బాగుంటే తీగ ఎంత వేగంగా పెరుగుతుంది? సుమారుగా రోజుకు ఒక మిల్లీమీటరు. మొదట్లో కోలుకోవడానికి ఇంకో మూడు నాలుగు వారాలు. పెరుగుతున్న తీగ ఎక్కడిదాకా వచ్చిందో తెలుసుకునే ఉపాయం చాలా సులువు. నరం దారి వెంట వేలితో మెల్లగా తట్టుకుంటూ పోతే, తీగ కొస ఉన్న చోట చీమలు పాకినట్టు జివ్వుమంటుంది. 1915లో, మొదటి ప్రపంచయుద్ధం మధ్యలో, గాయపడిన సైనికుల్ని చూస్తూ ఫ్రాన్స్‌లో జూల్ టినెల్, జర్మనీలో పాల్ హోఫ్‌మన్ దీన్ని విడివిడిగా రాశారు. ఎదురెదురు సైన్యాల డాక్టర్లు ఒకే ఏడాది ఒకే సంగతి చూశారు. నేను ఆ అమ్మాయి చేతి మీద జివ్వుమన్న చోట పెన్నుతో గీత గీసి, కుట్టు మచ్చ నుంచి ఎన్ని సెంటీమీటర్లో తేదీతో సహా రాసేదాన్ని. వాళ్ల నాన్నకు ఆ నోటుబుక్కు బ్యాంకు పాస్‌బుక్ లాంటిది. నెలకు మూడు సెంటీమీటర్లు కదిలిందంటే ఆయన ముఖంలో టెన్షన్ కాస్త తగ్గేది.

ఆ మిల్లీమీటరు లెక్కలో ఎన్నో జీవితాలు తేలిపోతాయి. నేను మరీ మరీ చెప్పదలచుకున్నదీ ఇదే. బండి మీది నుంచి పడ్డప్పుడు తల ఒకవైపు, భుజం ఒకవైపు లాగుకుపోయి మెడ దగ్గరి నరాల కట్ట తెగే కేసులు మా దగ్గర చాలా ఎక్కువ. అక్కడి నుంచి అరచేతి చిన్న కండరాలకు డెబ్బై సెంటీమీటర్లు. అంటే ఏడు వందల రోజులు. కండరం అంతకాలం ఎదురుచూడదు. ఏడాది, ఏడాదిన్నర నరం లేకుండా ఉంటే అది కరిగి, కొవ్వు పట్టి, తీగ వచ్చి తలుపు తట్టినా తీసే స్థితిలో ఉండదు. అందుకే సర్జన్లు దూరం తగ్గించే దారి వెతికారు. 1994లో ఫ్రాన్స్‌కు చెందిన ఒబెర్లిన్ బృందం మోచేతి పైనే పనిచేస్తున్న వేరే నరం నుంచి కొన్ని పోగులు విడదీసి, మోచెయ్యి మడిచే కండరం నరానికి కలిపింది. మెడ నుంచి ఆ కండరం దాకా సాగాల్సిన ప్రయాణం కాస్తా కొద్ది సెంటీమీటర్లయింది. కానీ ఈ ఆపరేషన్లకు మంచి సమయం మొదటి మూడు నుంచి ఆరు నెలలు. నా దగ్గరికి వచ్చేవాళ్లలో కొందరు అప్పటికే ఏడాది పాటు నూనె మర్దనలు, ఆకు కట్లు చేయించుకుని ఉంటారు. వాళ్లను తప్పుపట్టలేను. చెయ్యి వేలాడుతోంది, నొప్పేమో తగ్గింది, ఆగితే వస్తుందని పక్కింటివాళ్లు ధైర్యం చెప్పారు. కొన్ని నరాలు ఆగితే వస్తాయి కూడా, సాగిందే తప్ప తెగనివి. సాగిందో తెగిందో మూడో వారం తర్వాత చేసే నరాల పరీక్ష, స్కాన్, చెయ్యి తిరిగిన డాక్టరు పరీక్ష కలిసి చెబుతాయి. ఆ పరీక్షను మాత్రం ఆపొద్దు.

అతికిన నరం కూడా పూర్తిగా పాత నరం కాదు. వేల తీగల్లో కొన్ని పక్కవాటి గొట్టంలో దూరిపోతాయి. చూపుడు వేలు ముట్టుకుంటే మధ్య వేలు ముట్టుకున్నట్టనిపిస్తుంది. దీన్ని తన ఒంటి మీదే చూసుకున్నాడు హెన్రీ హెడ్ అనే లండన్ న్యూరాలజిస్టు. రోగులు చెప్పే స్పర్శ వివరాలు సరిపోవడం లేదని, 1903లో తన ముంజేతి నరాన్ని తానే కోయించుకుని మళ్లీ కుట్టించుకున్నాడు. స్నేహితుడు రివర్స్ నాలుగేళ్లకు పైగా కేంబ్రిడ్జిలో వారాంతాల్లో ఆయన చేతి మీద దూదితో, సూదితో, వేడి చల్లని గొట్టాలతో పరీక్షించి రాసుకున్నాడు. వాళ్లు కట్టిన సిద్ధాంతం నిలవలేదు, కానీ స్పర్శ విడతలు విడతలుగా, వంకరగా తిరిగొస్తుందన్న వాళ్ల గమనింపు ఇప్పటికీ నా పనిలో ఉంది. అమ్మాయి కళ్లు మూసుకుని శనగపప్పు, బియ్యం, బటన్లు వేళ్లతో గుర్తుపట్టే సాధన చేసింది అందుకే.

ఇక వెన్నుపాము. స్పెయిన్ దేశపు సాంటియాగో రమోన్ ఇ కహాల్ 1906లో నోబెల్ అందుకున్నాడు. మెదడు విడివిడి కణాలతో తయారైందని చూపినవాడు ఆయనే. తెగిన వెన్నుపాములో తీగలు కొంచెం మొలకెత్తి, మిల్లీమీటరు వెళ్లకుండానే ఆగిపోవడం ఆయన చూశాడు. పెద్దల మెదడులో, వెన్నుపాములో ఒకసారి పోయింది మళ్లీ పెరగదని 1913-14లో రాశాడు. అంత పెద్దాయన మాట కావడంతో అది దాదాపు శాసనమైంది. నిజానికి అంతకుముందే, 1911లో, ఆయన శిష్యుడు టెయో కుందేలు మెదడులో కాలి నరం ముక్కను నాటితే దానిలోకి తీగలు వచ్చాయి. కానీ అవి మెదడు కణాల నుంచే వచ్చాయా, చుట్టుపక్కల మామూలు నరాల నుంచి వచ్చాయా అని తేల్చే పద్ధతి అప్పటికి లేదు. ఆ పని ఆగిపోయింది.

దాన్ని మళ్లీ అందుకున్నది ఆల్బర్ట్ అగ్వాయో. అర్జెంటీనాలో వైద్యం చదివి కెనడాలోని మాంట్రియల్ చేరిన న్యూరాలజిస్టు. ఆయన పని నాకు నచ్చడానికి కారణం, ఆయన మొదటి నుంచీ ఒకటే ప్రశ్న అడిగాడు: తప్పు కణానిదా, దాని ఇరుగుపొరుగుదా? 1970ల్లో ఆయన దగ్గర ఒణుకుతూ నడిచే ఒక జాతి ఎలుకలుండేవి. వాటి నరాల మీద తొడుగు సరిగా ఉండదు. లోపం తీగలోనా, తొడుగు చుట్టే ష్వాన్ కణంలోనా? ఆ ఎలుక నరం ముక్కను తెచ్చి ఆరోగ్యంగా ఉన్న ఎలుక నరం మధ్యలో అతికించాడు. మంచి తీగలు ఆ ముక్క గుండా పెరిగాయి. సరిగ్గా ఆ ముక్క ఉన్నంత మేర తొడుగు పాడై ఉంది, అటూ ఇటూ బాగుంది. తప్పు ష్వాన్ కణానిదని తేలింది. 1977లో అచ్చయిన ఆ పనితో ఆయన చేతికి ఒక పనిముట్టు దొరికింది: కణాన్ని అక్కడే ఉంచి పొరుగును మార్చడం.

మనం నారు తీసి వేరే మడిలో నాటుతాం. అగ్వాయో మొక్కను కదపకుండా దాని కిందికి వేరే మడి మట్టి తెచ్చిపోశాడు. 1980లో ఆయన బృందం ఎలుక వెన్నుపాము తెగిన ఖాళీలో కాలి నరం ముక్కను పెట్టింది. మరుసటి ఏడాది శామ్యూల్ డేవిడ్‌తో కలిసి ఇంకా దూరం వెళ్లాడు. మూడున్నర సెంటీమీటర్ల నరం ముక్క తీసుకుని, ఒక కొసను మెదడు కింది భాగంలో, రెండో కొసను వీపు మధ్య వెన్నుపాములో గుచ్చి, వెన్నెముక బయటి నుంచి వంతెన కట్టాడు. టెయోకు లేని పద్ధతి ఈయనకు ఉంది. ఆవాల కుటుంబానికి చెందిన హార్స్‌రాడిష్ దుంప నుంచి తీసే ఒక ఎంజైమును తీగకు అందిస్తే, తీగ దాన్ని పీల్చుకుని వెనక్కి, తన కణం దాకా మోసుకెళ్తుంది. తర్వాత రంగు వేస్తే ఆ కణం కనిపిస్తుంది. రంగు పట్టిన కణాలు మెదడులోనూ వెన్నుపాములోనూ దొరికాయి. మిల్లీమీటరు కూడా పెరగవన్న తీగలు మూడు సెంటీమీటర్లు పెరిగాయి. ఎలుకకు అది చాలా పెద్ద దూరం.

కహాల్ చూసింది నిజమే, దాని అర్థం మారింది. కణానికి పెరిగే శక్తి ఉంది, పెరగనివ్వనిది చుట్టూ ఉన్న నేల. ఆ వంతెనలోనే రెండో పాఠం కూడా ఉంది. తీగలు వంతెన దాటి మళ్లీ వెన్నుపాములో కాలు పెట్టగానే ఒకటి రెండు మిల్లీమీటర్లలో ఆగిపోయాయి.

ఏం ఆపుతోంది? వెన్నుపాములో తొడుగు చుట్టేవి ష్వాన్ కణాలు కావు, వేరే జాతి. తెగినప్పుడు అవి దారి శుభ్రం చేయవు. చెత్త నెలల తరబడి అలాగే పడి ఉంటుంది. ఆ తొడుగులోనే తీగను ఆపే పదార్థం ఉందని 1988లో జ్యూరిచ్‌లో మార్టిన్ ష్వాబ్ బృందం చూపింది. దాన్ని అడ్డుకునే యాంటీబాడీ ఇస్తే ఎలుకల్లో కొన్ని తీగలు పెరిగాయని 1990లో రాశారు. ఆ ప్రొటీన్ జన్యువు 2000లో దొరికింది, నోగో అని పేరు పెట్టారు. గాయం చుట్టూ కట్టే మచ్చ కణజాలంలో ఇంకో రకం అడ్డంకులున్నాయి. నోగో యాంటీబాడీని మెడ గాయాలైన మనుషులకు ఇచ్చి చూసిన యూరప్ పరీక్ష ఫలితాలు ఇటీవలే వచ్చాయి. మొత్తం మీద చేతుల బలంలో స్పష్టమైన తేడా తేలలేదు. గాయం పాక్షికంగా ఉన్నవాళ్లలో కొంత మేలు జరిగి ఉండొచ్చన్న సూచన కనిపించింది. మొదటి ప్రయోగం నుంచి ఇక్కడికి ముప్పై ఏళ్లు దాటింది.

నేల ఒక్కటే దోషి అయితే కథ ఇంత సాగేది కాదు. వెన్నెముక పక్కన ఉండే స్పర్శ కణాలకు రెండు చేతులుంటాయి. ఒకటి కాలికి వెళ్తుంది, రెండోది వెన్నుపాములోకి. కాలి వైపు చెయ్యి తెగితే పెరుగుతుంది, వెన్నుపాము వైపుది పెరగదు. కణం ఒకటే. 1999లో నాయ్‌మన్, వుల్ఫ్ చేసిన ప్రయోగం చూడండి: వెన్నుపాము చెయ్యి కోయడానికి వారం ముందే కాలి చెయ్యి కోస్తే, ఈసారి వెన్నుపాము చెయ్యి కూడా గాయంలోకి చొచ్చుకుపోయి దాటింది. మొదటి గాయం కణాన్ని పెరిగే స్థితిలోకి నెట్టింది. అదే నేల, అవే అడ్డంకులు, అయినా దాటింది. అంటే పెద్దయిన కణం లోపల కూడా ఏదో బ్రేకు పడి ఉంది. 2008లో బోస్టన్‌లో జిగాంగ్ హె బృందం ఆ బ్రేకుల్లో ఒకదాన్ని, పీటెన్ అనే జన్యువును, ఎలుక కంటి కణాల్లో తీసేస్తే తెగిన కంటి నరం పెరిగింది. అదే జన్యువు లేకపోతే క్యాన్సర్ గడ్డలు కూడా పెరుగుతాయి. కాబట్టి మనిషిలో దాన్ని ఊరికే తీసేయలేం.

ఇక్కడ మా ప్రాంతపు కుటుంబాలు తెలుసుకోవాల్సిన తేడా ఒకటుంది. పెద్దవాళ్లలో వెన్నుపాము నడుము మొదటి ఎముక దగ్గరే అయిపోతుంది. దాని కింద వెన్నెముకలో ఉండేవి గుర్రం తోకలా వేలాడే నరాల వేర్లు. అవి చెయ్యి నరం జాతివి, వాటికి ష్వాన్ కణాలుంటాయి. చెట్టు మీది నుంచి పడ్డవాళ్లకు ఎముక తరచుగా ఈ సరిహద్దులోనే విరుగుతుంది. రెండు మూడు అంగుళాల తేడాతో ఒకరికి వెన్నుపాము నలుగుతుంది, ఒకరికి వేర్లు నలుగుతాయి. రెండో రకంలో నెలల తర్వాత తొడలో బలం రావడం నేను చూశాను. ఊళ్లో అందరూ "నడుము విరిగింది" అనే ఒక్క మాటే అంటారు, దాంతో ఒకరికి వచ్చింది ఇంకొకరికి ఎందుకు రాలేదన్న బాధ పుడుతుంది.

ఆ బాధలోకే స్టెమ్ సెల్ (మూలకణ) ఇంజెక్షన్ల మాట వస్తుంది. మా గీత కార్మికుడి కుటుంబం కూడా ఒక నగరంలోని క్లినిక్‌కు లక్షలు కట్టడానికి ఎకరం అమ్మడానికి సిద్ధపడింది. భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాలు స్పష్టంగా ఉన్నాయి: రక్త సంబంధ జబ్బులకు చేసే మూలకణ మార్పిడి తప్ప మిగతావన్నీ పరిశోధన దశలోనివే. పరిశోధనకు రోగి దగ్గర డబ్బు తీసుకోకూడదు. ఆ కాగితం వాళ్లకు చదివి వినిపించాను. భూమి నిలిచింది. ఆ డబ్బులో కొంత గాలి పరుపు, మూత్రం గొట్టాలు, ఇంటి ముందు ర్యాంపు కోసం వెళ్లింది. పుండ్లు పడకుండా, కిడ్నీలు చెడకుండా చూసుకోవడమే ఆయన్ని ఇన్నేళ్లు కాపాడింది. గీత కార్మికులకు 2024 నుంచి ప్రభుత్వం ఇస్తున్న కాటమయ్య రక్షణ కవచం కిట్లు చూసినప్పుడల్లా ఆయన గుర్తొస్తాడు.

కిందటి చలికాలం వాళ్ల ఊరికి వెళ్లాను. తమ్ముడే టీ తెచ్చాడు. అప్పుడు చెప్పని మిగతా సగం ఆరోజు కూర్చుని చెప్పాను, నారుమడి మట్టి సంగతి దగ్గర నుంచి. కాళ్లకు కబురు పంపే కణాలు మెదడులో చాలావరకు బతికే ఉంటాయని, కాళ్లు కదపాలని మనసులో అనుకుంటే మెదడులో ఆ చోటు స్కాన్‌లో వెలుగుతుందని కూడా చెప్పాను.

"అంటే మా అన్న ఇంకా కాళ్లకు కబురు పంపుతనే ఉన్నడా?" అన్నాడు.

"పంపుతూనే ఉన్నాడు. ఛాతీ దగ్గర ఆగిపోతోంది."

వాకిట్లో మూడు చక్రాల బండిలో కూర్చుని ఉన్న అన్న అది విన్నాడు. తల వంచి తన కాళ్ల వైపు కాసేపు చూసుకున్నాడు.